అప్‌డేట్: టెక్సస్ సెనేట్ బిల్లు ఎస్‌బీ 147 2023లో ఆగింది

చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా పౌరులు టెక్సస్‌లో స్థలాలు కొనకుండా చేసే ఈ బిల్లును ఎలా ఆపాలని 2023 ఫిబ్రవరిలో మిమ్మల్ని ఇక్కడ అడిగాను. ఇల్లు కొనుక్కుందామనుకుంటున్న మా పక్కింటి చైనా కుటుంబం కోసం.

ఒకే ఈమెయిల్‌ను అందరికీ ఫార్వర్డ్ చేయొద్దని మీరన్నారు, మానేశాం. మార్చిలో టెక్సస్ సెనేట్ (రాష్ట్ర ఎగువసభ) కమిటీ విచారణకు చీకటితోనే బయల్దేరి రాజధాని ఆస్టిన్ వెళ్లాం. పక్కింటావిడ దారంతా తను చెప్పాల్సింది రాసుకున్న కాగితం మడతపెడుతూ, విప్పుతూ కూర్చుంది. మైకు ముందు మాత్రం దాన్ని చూడనే లేదు.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మినహాయింపు చేర్చారు గానీ, ఏప్రిల్‌లో సెనేట్ పాస్ చేసేసింది. ఆ రోజు నీరసం వచ్చింది. తర్వాత హౌస్ (దిగువసభ)లోని 150 మంది వెంటా పడకుండా అక్కడి కమిటీ సభ్యుల మీదే దృష్టి పెట్టాం. వాళ్ల నియోజకవర్గాల్లో ఓటున్నవాళ్లను వెతికి మరీ ఫోన్లు చేయించాం. "మన దేశం పేరు లేదుగా, మనకెందుకు" అన్న తెలుగువాళ్లే ఎక్కువ, ఏం చెప్తాం!

మే 29న రెగ్యులర్ సమావేశాలు ముగిశాయి. హౌస్‌లో బిల్లు ఓటింగుకే రాలేదు. మా ఫోన్లతోనే ఆగిందని అనను, వ్యతిరేకించినవాళ్లు చాలామందే ఉన్నారు. 2025 జనవరిలో మొదలయ్యే తర్వాతి సమావేశాల్లో ఇంకో నంబరుతో మళ్లీ రావచ్చని అప్పుడే అనుకున్నాం. అందుకే ఫోన్ నంబర్ల షీట్ డిలీట్ చేయలేదు.