అకామా (నివాస అనుమతి) పోయినవారు నేరస్థులా? కువైట్ వలసపై చర్చ

ప్రశ్న (ప్రొద్దుటూరు నుంచి):
కరోనా కాలంలో కువైట్‌లో మనవాళ్లు పడిన అవస్థల మాట వచ్చినప్పుడల్లా జాతివివక్ష అంటున్నారు. ఇంటిపనికని 20 నంబరు వీసా మీద వెళ్లి, ఆ ఇల్లు వదిలి బయట పని చేసుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధం. అయినా 2020 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వం జరిమానా మాఫీ చేసి, టికెట్టు కూడా తానే పెట్టుకుని పంపుతానన్నది. అటువంటి దేశాన్ని నిందించడం న్యాయమేనా?

జవాబు (కడప నుంచి):
అన్నగారూ, క్షమాభిక్ష మాట నిజమే. మా చిన్నమ్మ ఇల్లు చేరింది దానివల్లనే. అయితే ఆమె చట్టాన్ని ఎలా అతిక్రమించిందో కూడా వినండి. పనిలో చేరిన రోజే సేఠు (ఇంటి యజమాని) ఆమె పాస్‌పోర్టు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాడు. తెల్లవారుజామున ఐదింటికి మొదలైన పని అర్ధరాత్రి దాటితే గాని ముగిసేది కాదు. ఐదు నెలలు జీతం రాకపోయేసరికి, ఒక రాత్రి చెత్త పారవేయడానికి వెళ్లినామె సంచిని అక్కడే వదిలి, కట్టుబట్టలతో జిలీబ్ అనే ప్రాంతంలో తెలిసినవారి గదికి చేరింది. మరునాడే ఆమె పారిపోయిందని సేఠు ఫిర్యాదు చేశాడు, అకామా పోయింది.

ఇంటిపనివారి చేత రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికొక రోజు సెలవివ్వాలని, పాస్‌పోర్టు యజమాని ఉంచుకోరాదని కువైట్ 2015లో తానే చట్టం చేసుకున్నది. ఈ మూడింటినీ కాలరాసిన మనిషిని అడిగినవారు లేరు. జీతం అడిగిన మనిషి మాత్రం నేరస్థురాలయింది. కఫాలా పద్ధతిలో కార్మికులు ఆ దేశంలో ఉండే హక్కే యజమాని చేతిలో ఉంటుంది కనుక, అతడు చేయి తీసేస్తే బాధితురాలే చట్టం కంటికి దొంగగా కనిపిస్తుంది.

ఇక వివక్ష సంగతి. 2020 ఏప్రిల్ 6న వలసకార్మికులు కిక్కిరిసి ఉండే జిలీబ్, మహబూలా ప్రాంతాలను దిగ్బంధించారు. మా చిన్నమ్మ గదిలో అప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు, మరుగుదొడ్డి ఒక్కటే. ఆ రోజుల్లోనే అక్కడి ప్రముఖ నటి ఒకరు వలసవారిని పంపేయాలని, ఎడారిలో వదిలేయాలని బహిరంగంగా అన్నారు. తమ పిల్లలకు అన్నం వండిపెట్టిన చేతులను రోగం రాగానే అంటుగా చూడడానికి నాకు వేరే పేరు తెలియదు.

స్పందన (ఆదోని నుంచి):
అరబ్బులను అనే ముందు మన ఏజెంట్ల సంగతి చూడండి. 30 ఏళ్లు నిండని ఆడవారిని ఇంటిపనికి పంపకూడదని మన దేశంలోనే నిబంధన ఉండగా, విజిట్ వీసా మీద దొంగదారిన పంపుతున్నది మన ఊరివాళ్లే, ఒక్కోసారి మన బంధువులే. పైగా క్షమాభిక్షకు పేరు నమోదు చేసుకున్నవారు శిబిరాలలో వారాల తరబడి పడిగాపులు కాసింది మన దేశం అంతర్జాతీయ విమానాలను ఆపినందువల్ల కాదా?

జవాబు (కడప నుంచి):
రెండూ నిజమే, ఒప్పుకుంటాను. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు 1,70,000 మందికి పైగా భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా స్వదేశానికి చేర్చిన ప్రభుత్వ యంత్రాంగం, 2020లో గల్ఫ్‌లోని మనవారి కోసం మే 7 దాకా విమానం కదిలించలేదు. ఏజెంటును కూడా నేను వెనకేసుకు రావడం లేదు. చిన్నమ్మను పంపినవాడు మా వీధివాడే, నేటికీ ఎదురుపడితే పలకరిస్తాడు. అయితే ఇక్కడివాడు మోసం చేశాడన్నంత మాత్రాన అక్కడివాడు ఎగ్గొట్టిన జీతం చెల్లిపోతుందా? ఇంటిపనికి 2016లో అక్కడ నిర్ణయించిన కనీస జీతం నెలకు 60 దినార్లు. ఆ లెక్కన చూసినా ఆమెకు 300 దినార్లు రావాలి. శిబిరంలో ఆమె వేలిముద్రలు తీసుకున్నారు, ఫొటో తీసుకున్నారు, మళ్లీ వస్తావా అని కూడా అడిగారట. నీకెవరైనా బాకీ ఉన్నారా అని మాత్రం ఎవరూ అడగలేదు.