ఐమర్జ్ వానను ఐఎండీ గ్రిడ్ మీదికి తేవడానికి నియరెస్ట్ చాలదా?

పాలమూరు_గడ్డ:
ఆలంపూర్ నుంచి భువనగిరి దాకా (15.5–18 ఉత్తరం, 77–80 తూర్పు) జూలైలో ఒక రోజు వాన తేడా మ్యాప్ వేస్తున్న. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) డేటా గడి 0.25 డిగ్రీలు, నాసా ఐమర్జ్ (ఉపగ్రహాల వాన లెక్క) గడి 0.1 డిగ్రీలు. ఐమర్జ్ అక్షాంశ రేఖాంశాలను రెండు దశాంశాలకు రౌండ్ చేసి, ఎక్స్-అరేలో (పైథాన్ లైబ్రరీ) ఒకదాంట్ల నుంచి ఇంకోటి తీసేస్తే ఎర్రర్ ఏం రాలేదు. కానీ 11×13 గడులు రావాల్సిన చోట 5×6 వచ్చినయి! రాత్రి పన్నెండు దాకా కూసొని చివరికి నియరెస్ట్ (ఒక్కో ఐఎండీ గడికి దగ్గరున్న ఒక్క ఐమర్జ్ విలువ) పెట్టి రీఇండెక్స్ చేస్తే మ్యాప్ నిండింది. మా సార్ మాత్రం ఒప్పుకోవట్లేదు, కన్సర్వేటివ్ రీగ్రిడ్డింగే (ఏ గడి ఎంత మేర పడితే అంత వాటాతో సగటు) చేయాలంటున్నడు. దానికి వాడే ఎక్స్-ఈఎస్ఎంఎఫ్ లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసేసరికే తల ప్రాణం తోకకొస్తోంది. నిజంగా అంత అవసరమా?

మూసీ_గట్టు:
అవసరమే తమ్మీ. ఐమర్జ్ గడుల నడిబిందువులు 17.05, 17.15, 17.25 అట్ల పోతాయి, ఐఎండీవి 17.0, 17.25, 17.5. రెండింట్లో కలిసేవి .25, .75 మాత్రమే. ఎక్స్-అరే కలిసినవి ఉంచుకొని మిగతావి చప్పుడు చేయకుండా పారేస్తది, అందుకే 5×6. ఎక్స్-అరే సెట్టింగుల్లో అరిథ్‌మెటిక్ జాయిన్‌ను ఎగ్జాక్ట్ అని పెట్టుకో, అప్పుడు మొహం మీదనే ఎర్రర్ కొడ్తది.

ఇక నియరెస్ట్ సంగతి. 17.0కి 16.95 ఎంత దూరమో 17.05 కూడా అంతే, ఏది తీసుకుంటదో దాని ఇష్టం. ఒక ఐఎండీ గడిలో ఆరుంబావు ఐమర్జ్ గడులు పడతాయి, నువ్వు ఒక్కటి పట్టుకొని మిగతా ఐదుంబావు వదిలేస్తున్నవ్. మబ్బు నల్లగొండలో కుండపోతగా కురిసి నకిరేకల్‌లో చినుకు రాల్చని రోజు అది చిన్న తప్పు కాదు.

సాగర్_ఎడమకాల్వ:
అన్నా, నేను ఒప్పుకోను. నెల మొత్తం వాన, అదీ జిల్లా సగటు అయితే ఈ తేడా పెద్దగా కనపడదు, దానికోసం పిల్లగాడిని రాత్రంతా కూసోబెట్టుడెందుకు. రోజు లెక్క అయితే అసలు గండం గ్రిడ్‌లో లేదు, తేదీలో ఉంది. ఐఎండీ తేదీ అంటే ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటలు. ఐమర్జ్ రోజు ఫైలు యూటీసీ (గ్రీన్‌విచ్ టైము) ప్రకారం, అంటే మన పొద్దున ఐదున్నరకు మొదలై మర్నాడు ఐదున్నర దాకా. ఒకే తేదీ చూసి జత కడితే కలిసేది మూడు గంటలే. ఐఎండీ తేదీకి దాని ముందు రోజు ఐమర్జ్ ఫైలును జత కడితే 21 గంటలు కలుస్తాయి, అరగంట ఫైళ్లు 48 కూడుకుంటే పూర్తిగా కలుస్తది. ఇది చేయకుండా కన్సర్వేటివ్ చేస్తే నిన్నటి వానను ఇయ్యాలటి వానతో పోల్చినట్టు.

మూసీ_గట్టు:
తేదీ మాట నిజమే, అది ముందే చెప్పాల్సింది. కానీ అది సరిచేసినంత మాత్రాన నియరెస్ట్ మంచిదైపోదు. ఎక్స్-ఈఎస్ఎంఎఫ్ రాకపోతే సీడీఓ అనే కమాండ్ లైన్ టూల్‌లో అదే పని చేసే రీమ్యాప్‌కాన్ ఒక్క లైను. దానికి ముందు ట్రాన్స్‌పోజ్ చెయ్, ఐమర్జ్‌లో రేఖాంశం ముందుంటది, అక్షాంశం తర్వాత. అదీ వద్దంటే వెయిట్లు (ఒక్కో ఐమర్జ్ గడి వాటా) చేత్తో రాసుకో: 17.0 గడికి పావు, ఒకటి, ఒకటి, పావు. 17.25 గడికి ముప్పావు, ఒకటి, ముప్పావు. రెండున్నరతో భాగించు. రెండో దిక్కు కూడా ఇట్లనే.

పాలమూరు_గడ్డ:
చేత్తో రాసిన, ఇరవై లైన్లు కూడా కాలే. తేదీ జరిపినంక తేడా మ్యాప్ సగం చల్లబడింది, మిగతాది వెయిట్లతోని. కానీ ఇప్పుడు శ్రీశైలం కాడ పడ్డ వాన భువనగిరి పక్కన కనపడ్తుంది. రేఖాంశం 0–360 లెక్కలో ఉందా?

సాగర్_ఎడమకాల్వ:
మన 78 రెండు లెక్కల్లోనూ 78యే తమ్మీ, ఆ బెంగ వద్దు. మ్యాప్ గీయడానికి ఇమ్‌షో వాడినవా? అది మొదటి వరసను పైన పెడ్తది, నీ డేటాలో మొదటి వరస దక్షిణం. ఆరిజిన్ లోయర్ పెట్టు, లేకుంటే పీకలర్‌మెష్ వాడు.

పాలమూరు_గడ్డ:
ఇమ్‌షోనే. శ్రీశైలం మళ్లీ శ్రీశైలంలనే ఉంది. సార్‌కు తేదీ మాట మీరు చెప్పిందని చెప్పాలా, నేను కనిపెట్టిన అని చెప్పాలా?