షుగర్ ఉన్నోళ్లు జిమ్ నొప్పులకు బీసీఏఏ పొడి తాగొచ్చా?

ప్రశ్న (మిర్యాలగూడ): అన్నా, నాకు 46 ఏండ్లు. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ గోలీలు వాడుతున్న. జిమ్ మొదలువెట్టి రెండు వారాలైంది. గుంజీలు తీసిన తెల్లారి తొడలు పట్టేసి మెట్లు దిగుడు కష్టమైతుంది. బీసీఏఏ పొడి తాగితే తగ్గుతదంటున్నరు. తాగొచ్చా?

జవాబు: తమ్మీ, ఆ నొప్పి 24 నుంచి 72 గంటల నడుమ ముదిరి, దానంతటదే తగ్గుతది. గుంజీల్ల కిందికి కూసునేటప్పుడు తొడ కండ సాగుతనే బరువు మోస్తది, పోగులు దెబ్బతినేది అప్పుడే. వారం ఆగి అవే గుంజీలు తీసి చూడు, అంత నొయ్యదు. అందుకే మొదటి వారాల్ల పదేసి చొప్పున రెండు విడతలు చాలు.

బీసీఏఏ అంటే ల్యూసిన్, ఐసోల్యూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు (ప్రొటీన్ తయారయ్యే ముక్కలు), మామూలుగా 2:1:1 పాళ్లల్ల ఉంటయ్. నొప్పిని కొద్దిగ తగ్గిస్తయేమో గని, కండ తిరిగి కట్టుకోవాలంటే తిండి నుంచే రావాల్సిన అమైనో ఆమ్లాలు తొమ్మిది. డబ్బాల మూడే ఉన్నయ్. రెండు ఉడకబెట్టిన గుడ్లల్ల 12 గ్రాముల ప్రొటీన్, గ్లాసు పాలల్ల 6 గ్రాములు, 30 గ్రాముల ఎండు సోయా ముక్కలల్ల 15 గ్రాముల దాకా ఉంటది. తొమ్మిదీ వస్తయ్, ఖర్చు తక్కువ.

నీ విషయంల అసలు జాగ్రత్త గ్లిమెపిరైడ్ తోని. అది ఇన్సులిన్‌ను వదిలిస్తది, ల్యూసిన్ కూడా కొంత వదిలిస్తది, కసరత్తు చేసిన కండ షుగర్‌ను గుంజుకుంటది. తిండి మానేసి పొడి తాగితే షుగర్ పడిపోవచ్చు. సాయంత్రం చేస్తే అర్ధరాత్రి కూడా పడొచ్చు. మిషన్ల 90 కంటే తక్కువ చూపిస్తే ముందుగాల ఒక అరటిపండు తిను. 70 కంటే తక్కువైతే 15 గ్రాముల గ్లూకోజ్ నీళ్లల్ల కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ల చూడు.

ఇంకొకరి జవాబు: లేబుల్ తిప్పి చూడండ్రి. "చక్కెర లేదు" అని ముందట పెద్దగ రాసి, ఎనుక మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంటే అది చక్కెర లెక్కనే షుగర్‌ను ఎక్కిస్తది. పొడి మొదలువెట్టకముందే కిడ్నీలు ఎట్లున్నయో చూసే క్రియాటినిన్, మూత్రంల ఆల్బుమిన్ పరీక్ష చేయించుండ్రి. కిడ్నీ దెబ్బతిన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండ ప్రొటీన్ పెంచొద్దు. మందుల షాపుల డైక్లోఫెనాక్ నొప్పి గోలీ అడిగి మింగుడు కూడా వద్దు, కిడ్నీలకు అదే పెద్ద దెబ్బ.

నొప్పులన్నీ జిమ్‌వి కావు. కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ వాడేటోళ్లకు కసరత్తు చెయ్యకున్నా రెండు తొడలు గుంజొచ్చు. మర్రిగూడ దిక్కు ఏండ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగినోళ్లకు నడుము, మోకాళ్లు బిగుసుకపోయి నాలుగు రోజులకు తగ్గకుంటే ఫ్లోరైడ్ సంగతి డాక్టర్‌కు చెప్పాలె. మూత్రం డికాషన్ రంగులకు మారితే మాత్రం ఆగొద్దు, అదే రోజు ఆస్పత్రికి పోవాలె. కండ కరిగి కిడ్నీకి చేరుతున్న గుర్తు అది.

ప్రశ్న: డబ్బా కొన్న, గని సీల్ తియ్యలే.

జవాబు: తియ్యకు తమ్మీ. బిల్లు ఉంటే వాపస్ అడుగు. ఆ పైసలతోని గ్లూకోమీటర్ పట్టీలు కొనుక్కో. జిమ్‌కు పోయే ముందు ఒకసారి, వచ్చినంక ఒకసారి, పండుకునే ముందు ఒకసారి చూసి వారం రోజులు రాసిపెట్టు. అంకెలు పడుతుంటే కాగితం డాక్టర్‌కు చూపియ్యి, గ్లిమెపిరైడ్ తగ్గించాల్నో లేదో ఆయన చెప్తడు.