నిండైన సిగార్ రుచిని ఎలా గుర్తించాలి? పొగాకు పండించే ఇంటివాడి సందేహం

టంగుటూరు నల్లరేగడి:

సభ్యులందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలో మూడు తరాలుగా వర్జీనియా పొగాకు పండిస్తున్న కుటుంబం. ఆకును వేడితో ఎండగొట్టే బ్యారన్‌లో అది ఏ పూటకు ఏ రంగు తిరగాలో, వేలం కేంద్రానికి వెళ్లే బేలులో ఏ గ్రేడు ఆకు ఉందో చేత్తో తడిమి చెప్పగలిగినవాళ్ల మధ్య పెరిగాను. అయినా సిగరెట్టు అలవాటు కాలేదు. భోజనమయ్యాక మా తాతగారు అరుగు మీద కూర్చుని కాల్చే చుట్ట వాసన తప్ప, పొగతో నాకు వేరే పరిచయం లేదు.

మొన్న సంక్రాంతికి విదేశం నుంచి వచ్చిన మా బావ రెండు సిగార్లు ఇచ్చాడు. నికరాగ్వాలో చేతితో చుట్టినవి. అయిదు అంగుళాల పొడవు, 50 రింగ్ గేజ్ లావు. పైఆకు వేయించిన కాఫీ గింజ రంగులో, నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది. ఫుల్ బాడీ, అంటే నిండైన రకమని, నిదానంగా కాల్చమని చెప్పాడు. నేను పొలం నుంచి వచ్చి, ఇంకా అన్నం తినకుండానే వెలిగించి, బీడీ కాల్చేవాళ్లను చూసిన అలవాటుకొద్దీ గబగబా పీల్చాను. సగమైనా కాలకముందే చెమటలు పట్టి, కడుపులో తిప్పి, మంచం మీద వాలిపోవలసి వచ్చింది. నోటిలో మిగిలింది మిరియాల ఘాటు, చేదు మాత్రమే. నా పక్కనే కూర్చుని అదే పెట్టెలోని సిగార్ కాలుస్తున్న మా బావ మాత్రం కోకో అన్నాడు, తోలు అన్నాడు, తడిమట్టి అన్నాడు.

నిండుతనం అని సిగార్ కాల్చేవాళ్లు చెప్పేది ఘాటుకు మరో పేరేనా? ఆ రుచులన్నీ నిజంగా ఆకులో ఉన్నవా, లేక అమ్మేవాళ్లు నేర్పిన మాటలా? రెండవ సిగార్ ఇంకా నా దగ్గరే ఉంది. పొగాకు పండించే ఇంట పుట్టి దాని రుచి తెలియలేదన్న మాట పడకుండా, దానిని ఎలా కాల్చాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

పెన్న ఒడ్డు:

నాయనా, నేను నెల్లూరువాడిని. ఓడల మీద ఇంజనీరుగా పని చేసి రిటైరయ్యాను. కరేబియన్ రేవుల్లో దిగిన రోజుల్లో ఈ సరదా పట్టుకుంది. మొదటిసారి నాకూ నీకు జరిగినదే జరిగింది, కాబట్టి సిగ్గుపడనక్కరలేదు.

ముందు మాట తేల్చుకుందాం. సిగార్‌లో నిండుతనం వేరు, ఘాటు వేరు. మిరియాల చారు ఎంత ఘాటుగా ఉన్నా నాలుక మీద పలుచగానే ఉంటుంది. ముద్దపప్పులో ఘాటు లేకపోయినా నోరంతా నిండుతుంది. పొగ నోటిలో ఎంత బరువుగా, ఎంత చిక్కగా, మీగడలా పరుచుకుంటుందన్నది నిండుతనం. నికోటిన్ వంటికి ఎంత తగులుతుందన్నది ఘాటు. ఈ రెండూ తరచుగా కలిసే వస్తాయి గనుక ఒకటేననే భ్రమ కలుగుతుంది. నీ తల తిప్పింది ఘాటు. ఆ హడావుడిలో నిండుతనాన్ని గమనించే వీలు నీకు దొరకలేదు.

ఆ రెండూ ఎందుకు కలిసి వస్తాయో నీకు నాకన్నా తేలికగా అర్థమవుతుంది. మీ చేలో అడుగు ఆకుతో మొదలుపెట్టి పైకి కోసుకుంటూ పోతారు కదా, అక్కడా అంతే. క్యూబా లెక్కలో అడుగు ఆకును వొలాడో అంటారు; పలుచన, రుచి తక్కువ, కాని చక్కగా మండుతుంది. నడిమి ఆకు సెకో, వాసన దానిది. పైన ఎండంతా తాను తాగి, మందంగా, జిగురుగా పెరిగిన ఆకు లిహేరో. నికోటిన్, నూనెలు అందులో ఎక్కువ, మంట నిదానం. అందుకే చుట్టేవాడు లిహేరోను సరిగ్గా నడుమ పెట్టి, చుట్టూ మిగతా ఆకులను సర్ది, బైండర్ ఆకుతో బిగించి, ఆపైన నునుపైన పైఆకు, అంటే రేపర్ తొడుగుతాడు. లిహేరో పాలు పెరిగినకొద్దీ సిగార్ నిండుగా, ఘాటుగా మారుతుంది. అది పక్కకు జరిగిందా, ఒక వైపు కాలి మరొక వైపు కాలక సిగార్ వంకరపోతుంది.

నేల సంగతి కూడా నీకు కొత్త కాదు. పొదిలి, కనిగిరి వైపు తేలిక నేలల ఆకు, మీ టంగుటూరు నల్లరేగడి ఆకు ఒకే తీరుగా ఉండవని పొగాకు బోర్డువాళ్లే వేరువేరుగా లెక్క వేస్తారు. నికరాగ్వాలోనూ ఎస్తెలి లోయలోని బరువైన నల్లనేల ఆకుకు ఘాటు, హలాపా వైపు ఎర్రనేల ఆకుకు తీపి, మృదుత్వం ఎక్కువ. చాలా సిగార్లలో ఈ రెండు చోట్ల ఆకునూ కలుపుతారు.

ఇక కాల్చే పద్ధతి. కడుపు నిండా అన్నం తిని, కనీసం అరగంట ఆగి కూర్చో. ఆ పూట చేపల పులుసు, గోంగూర వద్దు; పులుపూ కారమూ నాలుకను మొద్దుబారుస్తాయి, నెల్లూరువాడిని నేనే ఈ మాట అంటున్నానంటే నమ్మవచ్చు. వెలిగించే ముందు సిగార్‌ను బేలులోని ఆకును చూసినట్టే వేళ్లతో నొక్కుతూ చూడు. ఎక్కడా గట్టి ముడి, బోలు తగలకూడదు. నోటిలో పెట్టుకునే కొసన టోపీలా అంటించిన చిన్న ముక్క ఉంటుంది. దాని పైభాగాన్ని మాత్రమే పదునైన కట్టర్‌తో కోయాలి. కిందికి పోతే రేపర్ విచ్చుకుంటుంది. వెలిగించకుండానే రెండుసార్లు గాలి లాగి చూడు. ఎండుగడ్డి, ఎండుద్రాక్ష, పశువుల పాక, ఇలా ఏదో ఒకటి తడుతుంది. సగం పరిచయం అక్కడే అవుతుంది.

పెట్రోలు లైటర్ వాడవద్దు, ఆ వాసన ఆకుకు పడుతుంది. గ్యాస్ లైటర్ గాని, గంధకం పూర్తిగా కాలిపోయిన అగ్గిపుల్ల గాని మంచిది. మంటను తగలనివ్వకుండా, కొసను దాని సెగలో తిప్పుతూ అంచంతా ఎర్రబడేదాకా కాచి, అప్పుడు మెల్లగా పీల్చాలి. ఆ తరువాత నిమిషానికి ఒక పీల్పు చాలు. గబగబా పీల్చినకొద్దీ నిప్పు వేడెక్కి, ఆకులోని తీపి మాడి, చేదు, వగరు మిగులుతాయి. నీకు తగిలిన చేదులో సగం ఆకుది కాదు, నీ తొందరది. పొగను ఊపిరితిత్తులలోకి దింపకూడదు. నోటిలోనే అటూ ఇటూ తిప్పి వదలాలి. ఎప్పుడైనా ఒకసారి, దాదాపు పొగంతా నోటితో వదిలేశాక, మిగిలిన పిసరంతను ముక్కు ద్వారా వదిలి చూడు. మిరియం ముందు కుట్టినట్టవుతుంది. దాని వెనుకే కోకో, వేయించిన వేరుశనగ, దేవదారు చెక్క ఒక్కొక్కటిగా తెలుస్తాయి. నాలుక తీపి, పులుపు, ఉప్పు, చేదులను పోల్చుకుంటుందే గాని, తోలును, కోకోను పోల్చేది ముక్కు. మీ బావగారు చెప్పిన పేర్లు పోలికలు మాత్రమే, అబద్ధాలు కావు. నాకైతే మంచి మడూరో, అంటే ముదురు రంగు రేపర్‌లో తాటిబెల్లం కాచే పొయ్యి దగ్గరి వాసన వస్తుంది. ఆ పోలిక ఏ విదేశీ పుస్తకంలోనూ ఉండదు.

బూడిదను పదేపదే రాల్చవద్దు, అంగుళం దాకా నిలవనివ్వు. సిగార్‌ను మూడు భాగాలుగా ఊహించుకుంటే, మొదటి భాగంలో ఘాటు పలకరిస్తుంది, నడిమి భాగంలో రుచులు కుదురుకుంటాయి, చివరి భాగంలో వేడి, బరువు పెరుగుతాయి. చివరిదాకా కాల్చి తీరాలన్న పంతం అనవసరం. చేదెక్కగానే పక్కన పెట్టు, దానంతటదే ఆరిపోతుంది.

కొండపి గ్రేడరు:

పెన్న ఒడ్డు గారు చెప్పినదానికి నాదొక చేర్పు. ఇది మా వృత్తికి సంబంధించినది కాబట్టి ఊరుకోలేకపోయాను.

మన బ్యారన్‌లో ఆకును అయిదారు రోజుల్లో ముగిస్తాం. సుమారు 35 డిగ్రీల దగ్గర పసుపెక్కించి, క్రమంగా వేడి పెంచి, చివరకు 70 డిగ్రీలు దాటించి ఈనెతో సహా ఎండగొడతాం. ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారిన దశలో వేడితో దాని జీవక్రియను ఆపేస్తాం గనుక ఆ చక్కెర, ఆ పసుపు కాంతి అలాగే నిలిచిపోతాయి. సిగార్ ఆకుకు పొయ్యి ఉండదు. నీడన, గాలికి దాదాపు రెండు నెలలు వేలాడుతుంది. ఆ వ్యవధిలో తనలోని చక్కెరను తానే తినేసి గోధుమ రంగుకు దిగుతుంది. ఆపైన తేమ పట్టించి కుప్పలు వేస్తే లోపల వేడి తనంతట తానే పుడుతుంది. హద్దు మీరకుండా కుప్పను విప్పి, తిరగేసి, మళ్లీ కడతారు. ఆ ఊరుదలలో అమ్మోనియా బయటికి పోతుంది, పచ్చి ఘాటు అణుగుతుంది. ఎంత మందమైన ఆకైతే అంత ఎక్కువ కాలం పడుతుంది. క్యూబాలో లిహేరోను కనీసం రెండేళ్లు మాగబెడతారు. సరిగ్గా మాగని ఆకుతో చుట్టిన సిగార్ ముక్కుపుటాలను కోస్తుంది. దానిని నిండుతనమని అమ్మేవాళ్లూ ఉన్నారు.

తల ఎందుకు తిరిగిందో కూడా ఇందులోనే ఉంది. మన వర్జీనియా ఆకు పొగ ఆమ్ల గుణం కలది. అందులోని నికోటిన్ నోటి పొరల గుండా పెద్దగా ఎక్కదు కనుకనే సిగరెట్టు పొగను లోపలికి పీలుస్తారు. సిగార్ పొగ క్షార గుణం వైపు ఉంటుంది గనుక, లోపలికి పీల్చకపోయినా బుగ్గల నుంచే నికోటిన్ రక్తంలోకి చేరుతుంది. మంచుకు తడిసిన పచ్చాకును పొద్దున్నే కోసిన కూలీలకు వాంతులు, తల తిప్పడం మీరు చూసే ఉంటారు. చర్మం గుండా ఎక్కిన నికోటిన్ చేసే పని అది. మీకు మంచం ఎక్కవలసి వచ్చినదీ అందుకే. దారి మాత్రమే వేరు.

ఒక వింత చెప్పి ముగిస్తాను. ముప్పై ఏళ్లుగా నిమ్మపండు రంగు ఆకును మేలురకంలోకి, గోధుమ రంగు ఆకును లోగ్రేడులోకి నెట్టిన చేతులు నావి. మొదటిసారి మంచి సిగార్ విప్పి చూసినప్పుడు లోపల ఉన్నదంతా మా బల్ల మీద లోగ్రేడు కుప్పలో పడే రంగే. మన కంటికి ఉన్న అలవాటును పక్కన పెడితే తప్ప ఆ ఆకును అంచనా కట్టలేము.

ఒంగోలు దంతవైద్యుడు:

రుచి విషయంలో నాకు అభ్యంతరం లేదు, కాని గ్రేడరు గారు చెప్పిన బుగ్గల సంగతికి రెండవ వైపు కూడా ఉంది. పొగ లోపలికి పీల్చకపోతే ప్రమాదం లేదనుకోవడం సరికాదు. సిగార్ కాల్చేవారికి నోటి, గొంతు, అన్నవాహిక క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. కొన్ని పెద్ద సిగార్లలో ఒక సిగరెట్టు పెట్టె మొత్తానికి సరిపడే పొగాకు ఉంటుంది. అసలు అలవాటు లేని ప్రశ్నకర్త గారు ఈ రెండవదానితో ఆగిపోతే నాకు సంతోషం. కాల్చేదేదో పిల్లలు లేనిచోట, ఆరుబయట కాల్చండి. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడం నిషిద్ధమన్న సంగతి కూడా మరువకండి.

టంగుటూరు నల్లరేగడి:

అందరికీ కృతజ్ఞతలు. డాక్టరు గారి మాటను గౌరవిస్తూనే, నిన్న సాయంత్రం రెండవదానిని కాల్చాను.

మధ్యాహ్నం పప్పు, నెయ్యి, పెరుగుతో భోజనం చేసి, నాలుగు గంటలకు చేలో వేపచెట్టు కింద కూర్చున్నాను. పక్కన చెంబుడు మంచినీళ్లు, పెద్ద బెల్లం ముక్క పెట్టుకున్నాను. వెలిగించకుండా లాగినప్పుడు గ్రేడింగ్ షెడ్డు తలుపు పొద్దున్నే తీసినప్పటి వాసన తగిలింది. మొదటి పది నిమిషాలు మళ్లీ మిరియమే. గడియారం చూసుకుంటూ నిమిషానికి ఒకసారి పీల్చాను. ఇంత నిదానం నాకు మొదట హాస్యాస్పదంగా అనిపించింది. పావు వంతు కాలిన తరువాత పొగ బరువు మారింది. మీగడ అని పెన్న ఒడ్డు గారు అన్నది అప్పుడు తెలిసింది. నోరు మూసుకున్నా నాలుక మీద ఏదో పూత నిలిచి ఉంది. ముక్కు ద్వారా వదిలినప్పుడు ఒకసారి కళ్లలో నీళ్లు తిరిగాయి, మరొకసారి స్పష్టంగా మాడు అంచున ఉన్న వేరుశనగ తెలిసింది. కోకో నాకు దొరకలేదు. తోలు దొరికింది, కాని అది మా తాతగారి పాత చెప్పుల వాసన. బావకు ఫోన్ చేసి చెబితే నవ్వాడు.

చివరి అంగుళంన్నర వదిలేశాను. తల కొంచెం తేలికైనట్టు అనిపించగానే బెల్లం కొరికి, నీళ్లు తాగి ఆపాను. మొత్తం యాభై నిమిషాలు పట్టింది. తాతగారి చుట్టకు, దీనికి చుట్టరికం ఉందని మాత్రం రూఢి అయింది. ఆయనా అరుగు మీద ఇంత నిదానంగానే కాల్చేవారు, మేము సోమరితనమనుకునేవాళ్లం.

ఇంకొక చిన్న సందేహం. ఉగాదికి బావ మళ్లీ వస్తూ నాలుగైదు తెస్తానంటున్నాడు. ఏడాదికి ఒకటి రెండు మించి కాల్చే ఉద్దేశం లేదు. మన ఎండలకు అవి నిలుస్తాయా?

పెన్న ఒడ్డు:

నిలుస్తాయి, కాని బీరువాలో పడేస్తే నిలవవు. 65 నుంచి 70 శాతం తేమ, 20 డిగ్రీల ప్రాంతపు చల్లదనం వాటికి హితం. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమను నిలబెట్టే పొట్లం ఒకటి వేసి, ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో నేల మీద ఉంచు. మే నెలలో మన గదులు 35 డిగ్రీలు దాటుతాయి. మీ గోదాముల్లో ఆకును తొలిచే ఎర్రటి చిన్న పురుగు గుడ్లు సిగార్‌లోనూ ఉండవచ్చు. వేడికి అవి పొదిగి, రేపర్‌కు సూదితో పొడిచినట్టు బెజ్జాలు పెడతాయి. అందుకని తెచ్చిన వెంటనే గాలి చొరని సంచిలో కట్టి మూడు రోజులు ఫ్రీజర్‌లో, ఆపైన ఒక రోజు మామూలు ఫ్రిజ్‌లో ఉంచి, అప్పుడు డబ్బాలోకి మార్చు. ఫ్రీజర్‌లో చేపలు ఉంటే ముందు వాటిని ఖాళీ చేయించు.