యూనివర్సిటీ లైబ్రరీలో తాళపత్ర ప్రతి చూడటానికి వెళ్లే ముందు ఏం తెలుసుకోవాలి?

ప్రశ్న:
ఒక శతకానికి పాఠభేదాలు (ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ మాటల్లో ఉండే తేడాలు) సేకరిస్తున్నాను. లిఖితప్రతుల విభాగం క్యాటలాగ్‌లో దానికి తాటాకు ప్రతి ఒకటి, కాగితపు ప్రతి ఒకటి కనిపించాయి. ముందు ఏది అడగాలి? ఏం పట్టుకెళ్లాలి? పుష్పికలో, అంటే ప్రతి చివర లేఖకుడు రాసే ముగింపు వాక్యాల్లో, శ్రీముఖ నామ సంవత్సరం అని మాత్రమే ఉందట, శక సంవత్సరం లేదు. కాలం ఎలా కట్టాలి?

జవాబు 1:
ముందు కాగితపు ప్రతే అడగండి. మొదటి పేజీలో గానీ చివర గానీ ఏ మాతృక చూసి రాశారో నంబరు ఉంటుంది. ఆ నంబరు మీ తాటాకు ప్రతిదే అయితే రెండూ కలిపి ఒక సాక్ష్యమే, విడివిడిగా లెక్కెయ్యకూడదు. నంబరు లేకపోతే ఖాళీలు చూడండి: ఆకు విరిగినచోటే కాగితంలోనూ చుక్కలు పెట్టి వదిలేసి ఉంటే అది దాని నకలే. బ్రౌన్ పండితుల చేత ఎత్తి రాయించిన ప్రతులు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి, అక్కడి క్యాటలాగ్ కూడా ఓసారి చూడండి.

జవాబు 2:
పెన్ను లోపలికి రానివ్వరు. పెన్సిలు, స్కేలు, భూతద్దం చాలు. చేతులు కడిగి పూర్తిగా ఆరనివ్వండి. గుడ్డ గ్లవుజులు వద్దు: ఆకు అంచున లేచిన పీచు దారానికి పట్టుకుని చీలిపోతుంది.

కట్ట విప్పగానే చదవడం మొదలుపెట్టకండి. ముందు ఆకులు లెక్కపెట్టి, ఉన్న వరసలోనే అంకెలు రాసుకోండి. అంకె సాధారణంగా ముందువైపు ఎడమ అంచున ఉంటుంది. తాడు తెగి మళ్లీ గుచ్చినప్పుడు వరస తారుమారవుతుంది. తప్పని తెలిసినా మీరు సర్దకండి, సిబ్బందికి చెప్పండి. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలుండటం మామూలే, క్యాటలాగ్ ఒక్కోసారి మొదటిదాని పేరే చెబుతుంది. నోట్సులో ఒక్కో పాఠం పక్కనా ఆ ప్రతి నంబరు, ఆకు అంకె, ముందువైపా వెనకవైపా, పంక్తి రాయండి. ఇది తర్వాత చేద్దాంలే అనుకుంటే రెండోసారి వెళ్లాల్సిందే.

ఇంకొకటి, వలపలగిలక (అక్షరం తర్వాత రాసినా దానికి ముందు ‘ర్’ అని పలికే గుర్తు) చూడ్డానికి ౯ అంకెలాగే ఉంటుంది. ‘ధమ౯ము’ అంటే ధర్మమే.

జవాబు 3:
శ్రీముఖ 60 ఏళ్లకోసారి వస్తుంది: 1753, 1813, 1873, 1933. మాసం, తిథి, వారం కూడా ఉంటే పని తేలిక. ఆ తిథి ఆ వారం నాడు ఏ ఏడాది పడిందో పంచాంగ గణనతో సరిచూస్తే చాలావరకు ఒకటే మిగులుతుంది. శాలివాహన శక సంవత్సరం దొరికితే దానికి 78 కలపండి, జనవరి 1 నుంచి ఉగాది లోపు పడే తిథులకు 79.

కానీ లేఖకులు మాతృకలోని పుష్పికను కూడా యథాతథంగా ఎక్కించేవారు. అప్పుడు ఆ తేదీ మీ చేతిలో ఉన్న ప్రతిది కాదు, దాని తల్లి ప్రతిది. లేఖకుడి పేరు రెండు చోట్ల రెండుగా ఉంటే అనుమానించాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. గీసిన అక్షరాలు కనబడేలా మసి పట్టించని ఆకులైతే? అక్షరాలు ఆకు రంగులో కలిసిపోతాయి కదా.

జవాబు 2:
మసి మీరు పూయకూడదు, అది సంరక్షణ విభాగం పని. గంటం గీత ఒక గాడి. దీపం పైనుంచి కాకుండా పక్కనుంచి బాగా కిందగా పెడితే గాడిలో నీడ పడి అక్షరం లేస్తుంది. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి పైఅంచు వైపునుంచి వెలుగు పెట్టి రెండు ఫొటోలు తీయండి, ఒకదాంట్లో పోయిన గీత రెండోదాంట్లో దొరుకుతుంది. వేడెక్కని ఎల్‌ఈడీ దీపం వాడండి, ఫ్లాష్ వద్దు. ఫొటోలకు అనుమతి పత్రం ముందే తీసుకోండి, అచ్చులో వాడుకోవడానికి విడిగా అడగాల్సి ఉంటుంది.