ట్రిగ్గర్ చేయడం: ప్రేరేపించడమా, నడపడమా, పురమాయించడమా?

ప్రశ్న: ఎయిర్‌ఫ్లో (డేటా పనులను వరుసగా, వేళకు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్‌లోని డేటా పైప్‌లైన్‌ను బయటి ప్రోగ్రాం నుంచి వెబ్ ఏపీఐతో (ప్రోగ్రాంలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారితో) మొదలుపెట్టే పద్ధతిని తెలుగులో రాస్తున్నాం. "ట్రిగ్గర్ ద డ్యాగ్" (ఎయిర్‌ఫ్లోలో పైప్‌లైన్‌ను డ్యాగ్ అంటారు) అన్నచోట ఒక ప్రతిలో "ప్రేరేపించండి" అని, ఇంకో ప్రతిలో "నడపండి" అని పడింది. ఏది ఉంచాలి?

జవాబు: "నడపండి" మాత్రం వద్దండీ, అర్థమే మారిపోతుంది. మొదలుపెట్టమని పోస్ట్ అభ్యర్థన పంపగానే సర్వర్ నుంచి 200 అనే కోడ్ వస్తుంది. అంటే పని అయిపోయిందని కాదు, మొదలైందని కూడా కాదు. ఆ జవాబులోనే స్టేట్ అన్నచోట "క్యూడ్" (వరుసలో ఉంది) అని ఉంటుంది. షెడ్యూలర్ (పనులను వరుసలోంచి తీసి మొదలుపెట్టే భాగం) అందుకున్నాక "రన్నింగ్", చివరికి "సక్సెస్" లేదా "ఫెయిల్డ్". డ్యాగ్ పాజ్‌లో ఉంటే 200 వచ్చినా, పాజ్ తీసేదాకా క్యూలోనే కూర్చుంటుంది. "నడపండి" అని చదివినవారు 200 చూసి నడిచిందనుకుంటారు. పాత డేటా మీదే రిపోర్టు తయారవుతుంది.

జవాబు: "ప్రేరేపించు" మనసున్నవాళ్లకు నప్పే మాట. "ఉసిగొల్పు" అంటే కుక్క గుర్తొస్తుంది. నా ఓటు "పురమాయించు"కి. పారసీ "ఫర్మూదన్" నుంచి ఉర్దూ మీదుగా వచ్చి మన ఇళ్లలో స్థిరపడింది. నిజాం ఫర్మానా కూడా ఆ కుదురుదే. "తమ్ముడికి పని పురమాయించాను" అంటే చెప్పానని మాత్రమే, చేశాడని కాదు. పైగా ఈ క్రియకు ఎవరికి, దేన్ని అని రెండూ కావాలి: "సర్వర్‌కు డ్యాగ్‌ను పురమాయించండి". దూరం నుంచి చెప్పడం ఆ "కు"లోనే ఉంది.

ఇంకొకరు: "పురమాయించు" అనడంలో పెద్దరికం ధ్వనిస్తుంది కదా?

జవాబు: ధ్వనించాలి కూడా! 401 అంటే మీరెవరో సర్వర్‌కు తెలియలేదు. 403 అంటే తెలుసు, కానీ పురమాయించే హక్కు మీకు లేదు.

జవాబు: నామవాచకం "పురమాయింపు" ఇంకా బాగా పనికొస్తుంది. ప్రతి పురమాయింపుకూ రన్ ఐడీని (దాని గుర్తింపు పేరును) మీరే ఇవ్వండి, ఉదాహరణకు "sales_2025-03-14" లాంటి అర్థం వచ్చేలా. ఇవ్వకపోతే సర్వర్ తనే ఒకటి పెట్టుకుంటుంది. నెట్‌వర్క్ తెగి జవాబు రాకపోతే మీ ప్రోగ్రాం మళ్లీ పంపుతుంది, అదే డేటా రెండుసార్లు ఎక్కుతుంది. ఐడీ మీదైతే రెండోసారి 409 వస్తుంది. అది తప్పు కాదు, "ఈ పురమాయింపు ముందే అందింది" అని అనువదించండి. ఆ ఐడీతోనే 30 సెకన్లకోసారి గెట్ (సమాచారం అడిగే అభ్యర్థన) పంపి స్టేట్ చూసుకోవచ్చు.

ఇంకో జాగ్రత్త: ఎయిర్‌ఫ్లో 3.0లో ఏపీఐ చిరునామా వీ1 నుంచి వీ2కి మారింది. పంపే జేసన్‌లో లాజికల్ డేట్ (ఆ రన్ ఏ తేదీకి చెందినదో చెప్పేది) తప్పనిసరి, విలువ నల్ (ఖాళీ) అయినా సరే. దీని పాత పేరు ఎగ్జిక్యూషన్ డేట్. అమలు జరిగిన తేదీ కాకపోయినా ఆ పేరుండటంతో అందరూ తికమకపడేవారు. 2021లో 2.2తో పేరు మార్చారు. మాట తప్పయితే కోడూ మార్చాల్సి వస్తుందన్నమాట.

జవాబు: డేటాబేస్ ట్రిగ్గర్‌కు మాత్రం ఇది వాడకండి. అక్కడ ఎవరూ చెప్పరు, పట్టికలో వరుస మారగానే అదే కదులుతుంది. దాన్ని "ట్రిగ్గర్" అనే ఉంచండి.

ప్రశ్న అడిగినవారు: అయితే ఇలా మారుస్తున్నాం: "సర్వర్‌కు డ్యాగ్‌ను పురమాయించండి. 200 వస్తే పురమాయింపు అందినట్టు. స్టేట్ 'సక్సెస్' అయ్యాకే తరవాతి మెట్టుకు వెళ్లండి."