స్లాబు గడువులు తప్పుతున్నాయి: లీన్ పద్ధతి మన సైట్లకు సరిపడదా?

ప్రశ్న (సైట్ ఇంజినీరు, కొంపల్లి)

అందరికీ నమస్కారం. మేము కొంపల్లి దగ్గర తొమ్మిది అంతస్తుల అపార్ట్‌మెంట్ కడుతున్నాం. స్లాబుకూ స్లాబుకూ మధ్య 12 రోజులని ప్రణాళికలో రాసుకున్నాం కానీ, నిజానికి 16 రోజులు, ఒక్కోసారి 18 రోజులు పడుతోంది. యాజమాన్యం లీన్ పద్ధతిని (పనిలో వృథానూ ఎదురుచూపులనూ తగ్గించే పద్ధతి) అమలు చేయమంటే, ఆఫీసు షెడ్డులో పెద్ద బోర్డు పెట్టి, ఒక్కో పనికి ఒక్కో రంగు చీటీ అంటించి, ప్రతి శనివారం సాయంత్రం మేస్త్రీలందరినీ పిలిచి వచ్చే వారం పనులు చెబుతున్నాను. అందరూ "సరే సార్" అంటారు. మళ్లీ శనివారం వచ్చేసరికి సగం చీటీలు కదలకుండా అక్కడే ఉంటాయి. మూడు నెలలుగా ఇదే వరస. గుత్తకు పనిచేసే మేస్త్రీలు, పండగకు ఊరెళితే ఎప్పుడు తిరిగొస్తారో తెలియని కూలీలు ఉండే మన సైట్లకు, కార్ల ఫ్యాక్టరీలో పుట్టిన పద్ధతి అసలు పనికొస్తుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (ప్లానింగ్ ఇంజినీరు, చెన్నై)

మీరు రాసినదాంట్లో ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. "వచ్చే వారం పనులు చెబుతున్నాను" అన్నారు. చెప్పవలసింది మీరు కాదండీ, మేస్త్రీలు. లీన్ నిర్మాణంలో వారం వారం ప్రణాళిక కోసం పరిశోధకులు గ్లెన్ బల్లార్డ్, గ్రెగ్ హోవెల్ రూపొందించిన పద్ధతికి 'లాస్ట్ ప్లానర్' (ఆఖరి ప్రణాళికకర్త) అని పేరు పెట్టడంలోనే ఈ సంగతి ఉంది: రేపు ఎవరు ఏ పని చేయాలో ఆఖరున నిర్ణయించే మనిషి ఎవరో, మాట ఇవ్వవలసింది ఆ మనిషే. వాళ్లు అమెరికా సైట్లలో లెక్క తీసినప్పుడు కూడా, ఆ వారం చేస్తామన్న పనుల్లో పూర్తయినవి సగానికి కాస్త పైన మాత్రమే ఉన్నాయి. కాబట్టి మీ సగం చీటీలను చూసి మన కూలీలను తప్పుపట్టకండి.

చేయవలసిన పని వేరు, చేయగలిగిన పని వేరు. డ్రాయింగు, సామాను, మనుషులు, ముందు జరగవలసిన పని, నిలబడటానికి జాగా, ఇవన్నీ సిద్ధంగా ఉన్న పనికే వచ్చే వారం బోర్డు మీద చోటివ్వాలి. అందుకోసం ఆరు వారాల ముందు నుంచే ఒక్కో అడ్డంకినీ తొలగించుకుంటూ రావాలి. ఇంజినీరుగా మీ అసలు పని అదే. వారాంతంలో లెక్క కచ్చితంగా వేయండి. 20 పనులకు మాట ఇచ్చి 13 పూర్తిచేస్తే 65 శాతం. నూటికి తొంభై వంతులు అయిన పనిని కానట్టే లెక్కించాలి.

ఇక కార్ల సంగతి. లీన్ నిర్మాణానికి పునాది వేసిన పరిశోధకుడు లౌరి కోస్కెలా 1992లో స్టాన్‌ఫర్డ్‌లో రాసిన నివేదిక నిర్మాణ రంగం గురించే. ముడిసరుకును గోడగా, స్లాబుగా మార్చడాన్నే మనం పని అనుకుంటున్నామనీ, ఒక పనికీ మరో పనికీ నడుమ జరిగే నిరీక్షణనూ సామాను మోయడాన్నీ తనిఖీలనూ లెక్కలోకే తీసుకోవడం లేదనీ ఆయన వాదన. మీ సైట్లో అదనంగా పోతున్న ఆ నాలుగు రోజుల కోసం ఆ నడుమే వెతకండి.

సమాధానం 2 (సెంట్రింగ్, స్టీలు పనుల గుత్తేదారు, మహబూబ్‌నగర్)

ఇంజినీరు గారూ, నేను మేస్త్రీగా మొదలుపెట్టి ఈ స్థాయికి వచ్చినవాణ్ణి. "సరే సార్" అనే మాట వెనక ఏముందో చెబుతాను. కాదంటే పని వేరొకరికి పోతుంది, లేదా బిల్లు ఆగుతుంది అన్న భయం ఉంటుంది. అది పోనంతవరకు బోర్డు మీద ఎన్ని రంగులున్నా ప్రయోజనం లేదు.

ఒకసారి స్లాబు మీద కింది జాలీ (అడుగు వరస రాడ్ల అల్లిక) కట్టేసి, కరెంటు పైపుల కోసం 14 మందిమి ఎండలో పదకొండు గంటల దాకా కూర్చున్నాం. ఎలక్ట్రీషియన్ రాలేదు, ఫ్యాన్ బాక్సులు రాలేదు. గడువు దాటుతోందని పై రాడ్లు కూడా కట్టించారు. మర్నాడు ఆయన వచ్చి బైండింగు వైరు కత్తిరించి, రాడ్లు పైకెత్తి పైపులు దూర్చాడు. రాడ్ల కింద ఎత్తు కోసం పెట్టే కవర్ బ్లాకులు పక్కకు జరిగిపోయాయి. తనిఖీకి వచ్చినవారు మళ్లీ కట్టమన్నారు. మాకు లెక్క టన్నుకు గనుక, కూర్చున్న పూటకూ రెండోసారి కట్టినదానికీ పైసా రాలేదు. గుత్త పనిలో వృథా అయిన ప్రతి గంట కూలీ మేస్త్రీ జేబులోంచే పోతుంది. అందుకే ఈ పద్ధతి అందరికంటే మాకే ఎక్కువ అవసరం. పని ఎందుకు ఆగిందో తప్పకుండా రాయించండి, కానీ ఆ కాగితాన్ని బిల్లులో కోతకు వాడుకోకండి.

సమాధానం 3 (స్ట్రక్చరల్ ఇంజినీరు, విజయవాడ)

ఒక హెచ్చరిక చేయాలి. వృథా తగ్గించడమంటే స్లాబు కింది ఆసరాలు (ప్రాపులు) ముందే తీసేయడం కాదు. మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో పోసిన స్లాబుకు 4.5 మీటర్ల స్పాను (ఆధారాల మధ్య దూరం) వరకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ప్రాపులు ఉంచాలని కాంక్రీటు పనులకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతోంది. ఆ రోజులు నిరీక్షణ కాదు, కాంక్రీటు బలపడే సమయం. రోజులు మిగలాలంటే అదనంగా ఇంకో సెట్టు సెంట్రింగ్ షీట్లు, ప్రాపులు తెప్పించుకోండి.

ప్రశ్న అడిగినవారు (రెండు వారాల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. మొన్న శనివారం చీటీలు నేను రాయలేదు. పెన్నులు మేస్త్రీలకే ఇచ్చాను. రాయడం రానివారు చెబితే పక్కవారు రాశారు. కాదన్నంత మాత్రాన ఎవరి బిల్లూ ఆగదని మా ప్రాజెక్టు మేనేజరు గారు అందరి ముందూ చెప్పారు. కాసేపటికి ఎలక్ట్రికల్ మేస్త్రీ లేచి, "ఈ వారం ఆరో అంతస్తు నా వల్ల కాదు సార్, డ్రాయింగే రాలేదు" అన్నారు. ఆ మాట ఆ షెడ్డులో వినడం నాకు ఇదే మొదటిసారి. వారం తిరిగేసరికి 17 మాటల్లో 11 నిలబడ్డాయి. నిలబడని ఆరింటిలో నాలుగు ఆ డ్రాయింగు కోసం ఆగినవే. సోమవారం పొద్దున్నే ఆ కన్సల్టెంటు ఆఫీసుకు వెళ్తున్నాను.